ఉరిసేది బట్ట కాదు, కుట్టు: చార్లెస్ మాకింటోష్ కథ

మాకింటోష్ అనగానే మన సీఎస్ఈ వాళ్ళకి ముందు గుర్తొచ్చేది యాపిల్ కంప్యూటర్. ఆ కంప్యూటర్‌కి ఆ పేరు ఒక రకం యాపిల్ పండు నుంచి వచ్చింది. ఆ పండు పేరేమో కెనడాలో దాన్ని పెంచిన జాన్ మాకింటోష్ అనే రైతుది. నేను చెప్పబోయే మాకింటోష్ వేరే. ఈయన పేరు చార్లెస్, ఊరు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో, పని కెమిస్ట్రీ. బ్రిటన్‌లో ఇప్పటికీ రెయిన్‌కోట్‌ని మాక్ అంటారు. ఆ మాక్ ఈయన పేరే.

మరి మన మ్యాగజైన్‌లో ఈయన గురించి ఎందుకు అంటారా? వానాకాలంలో ఒకసారి మా ఊర్లో ఆటో ఎక్కి చూడండి. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటది గానీ మాకు మాత్రం అది మానుకోటే. వాన గట్టిగా కొడితే ఆటో టాప్ ఎక్కడ ఉరుస్తది? నడిమిట్ల ఉరవదు. రెండు రెగ్జిన్ ముక్కలు కలిపి కుట్టిన చోట ఉరుస్తది. ముందు అద్దం పైన టాప్‌ని ఫ్రేమ్‌కి బిగించిన చోట ఉరుస్తది. (ఉరవడం అంటే తెలియని కోస్తా మిత్రుల కోసం: మీరు ఇల్లు కురుస్తోంది, కారుతోంది అంటారు కదా, అదే.) గూడూరు, కొత్తగూడ వైపు తిరిగిన పాత కమాండర్ జీపుల టాపులూ అంతే. కోట్లు పెట్టి కొనే కన్వర్టిబుల్ కార్ల మడత టాపులూ అంతే. బట్ట బాగానే ఉంటది, నీళ్ళు మాత్రం ఒళ్ళో పడతాయి.

ఇది రెండు వందల ఏళ్ళ నాటి సమస్య. నీళ్ళు దిగని బట్టని మొదటిసారి పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మిన మనిషికే ఇది మొదట ఎదురైంది. ఆయన బట్టని గెలిచాడు, కుట్టు దగ్గర ఇబ్బంది పడ్డాడు. నాకు ఆయన జీవితంలో బాగా ఆసక్తిగా అనిపించింది ఇదే.

రంగుల ఇంట్లో పుట్టినవాడు

చార్లెస్ మాకింటోష్ 1766 డిసెంబర్ 29న గ్లాస్గోలో పుట్టాడు. నాన్న పేరు జార్జ్. ఆయనకి రంగుల ఫ్యాక్టరీ ఉండేది. స్కాట్లాండ్ కొండల్లో రాళ్ళ మీద పెరిగే లైకెన్ల నుంచి ఊదా రంగు తీసేవాళ్ళు. లైకెన్ అంటే ఏదో వింత వస్తువు అనుకోకండి, మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. ఆ లైకెన్ నుంచి రంగు బయటికి రావాలంటే అమ్మోనియా కావాలి. ఆ రోజుల్లో అమ్మోనియా ఎక్కడ దొరుకుతుంది? మూత్రంలో. ఊరంతా తిరిగి దాన్ని పోగుచేసి తెచ్చేవాళ్ళు. ఈ అమ్మోనియా సంగతి గుర్తుపెట్టుకోండి, కథ మలుపు తిరిగేది దీని దగ్గరే.

1785లో జార్జ్, డేవిడ్ డేల్ అనే వ్యాపారితో కలిసి గ్లాస్గోలో టర్కీ రెడ్ అనే ఎర్ర రంగు అద్దకం మొదలుపెట్టాడు. దానికోసం పాపియన్ అనే ఫ్రెంచ్ అద్దకం నిపుణుణ్ణి పిలిపించుకున్నారు. ఆ పద్ధతిలో నూలుని ముందు నూనెలో నానబెట్టి, తర్వాత పటికతో ఎర్ర రంగు పట్టిస్తారు. మన చీరాల, పుట్టపాక తేలియా రుమాళ్ళకి కూడా నూలుని నూనె, బూడిద నీళ్ళలో నానబెట్టాకే రంగు వేస్తారు. ఎక్కడి గ్లాస్గో, ఎక్కడి పుట్టపాక! కానీ నూలుకి రంగు గట్టిగా పట్టాలంటే ఏం చేయాలో రెండు చోట్లా మనుషులు కనిపెట్టారు.

ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లాడికి కెమిస్ట్రీ అంటే ఇష్టం రాకపోతేనే ఆశ్చర్యం. చదువయ్యాక వాళ్ళ నాన్న ఆయన్ని ఒక వ్యాపారి ఆఫీసులో గుమాస్తాగా పెట్టాడు. ఖాళీ దొరికితే చాలు యూనివర్సిటీ కెమిస్ట్రీ లెక్చర్లకి వెళ్ళేవాడు. ఎడింబరోలో జోసెఫ్ బ్లాక్ పాఠాలు కూడా విన్నాడు. బ్లాక్ అంటే కార్బన్ డయాక్సైడ్‌నీ, గుప్తోష్ణాన్నీ వివరించిన శాస్త్రవేత్త, మన ఫిజిక్స్ పుస్తకాల్లో ఉన్నవాడే. చివరికి గుమాస్తా ఉద్యోగం వదిలేసి, ఇరవై ఏళ్ళు నిండకముందే నవాసాగరం తయారుచేసే పని మొదలుపెట్టాడు. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. కళాయి వేసేవాళ్ళు గిన్నెని కాల్చి మీద చల్లే తెల్ల పొడి. ఇప్పుడు నా వయసు పంతొమ్మిది. ఆ వయసులో ఆయనకి సొంత ఫ్యాక్టరీ ఉంది.

1797లో గ్లాస్గో దగ్గర హర్లెట్ అనే చోట పటిక ఫ్యాక్టరీ పెట్టాడు. స్కాట్లాండ్‌లో పటిక తయారుచేసిన మొదటి ఫ్యాక్టరీ అదే. అక్కడ బొగ్గు గనుల్లో పనికిరాదని వదిలేసిన రాయి నుంచే పటిక తీశారు. తర్వాత చార్లెస్ టెన్నంట్‌తో భాగస్వామిగా చేరాడు. సున్నం మీదికి క్లోరిన్ పంపి బ్లీచింగ్ పౌడర్ చేసే పద్ధతికి 1799లో టెన్నంట్ పేరు మీద పేటెంట్ వచ్చింది, దాని వెనక మాకింటోష్ పని కూడా ఉంది. వానలు పడగానే మున్సిపాలిటీ వాళ్ళు డ్రైనేజీల పక్కన చల్లే తెల్ల పౌడర్ అదే.

ఇక్కడ ఆయన తీరు మనకి కొంచెం అర్థమవుతుంది. ఒకరు పారేసిన దాంట్లో ఇంకొకరికి పనికొచ్చేది చూడటం ఆయనకి బాగా వచ్చు. బొగ్గు గనుల చెత్తలో పటిక చూశాడు. తర్వాత గ్యాస్ కంపెనీ చెత్తలో వాన కోటు చూడబోతున్నాడు.

తారులోంచి వాన కోటు

1810ల చివర్లో గ్లాస్గోకి గ్యాస్ దీపాలు వచ్చాయి. బొగ్గుని మూసిన పాత్రల్లో కాల్చి గ్యాస్ తీసి, పైపుల్లో వీధి దీపాలకి పంపేవాళ్ళు. అలా తీసినప్పుడు రెండు చెత్తలు మిగులుతాయి. ఒకటి అమ్మోనియా కలిసిన నీళ్ళు, రెండోది నల్లటి తారు. గ్యాస్ కంపెనీకి రెండూ తలనొప్పే. మాకింటోష్‌కి మాత్రం అమ్మోనియా కావాలి, రంగుల కోసం. మూత్రం పోగుచేసే బాధ తప్పుతుంది కదా. 1819లో గ్యాస్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. అమ్మోనియా నీళ్ళతో పాటు తారు కూడా ఈయనే తీసుకెళ్ళాలి.

తారుని వేడిచేసి ఆవిరి పడితే నాఫ్తా అనే పల్చటి ద్రవం వస్తుంది. పెట్రోల్ లాగా ఘాటైన వాసన, గాలి తగిలితే ఎగిరిపోతుంది. ఇప్పుడు దీన్ని ఏం చేయాలి?

జవాబు ఒక స్టూడెంట్ దగ్గర ఉంది. ఎడింబరోలో మెడిసిన్ చదువుతున్న జేమ్స్ సైమ్, తారు నుంచి తీసిన నాఫ్తాలో రబ్బరు కరుగుతుందని కనిపెట్టి 1818లో ఒక సైన్స్ పత్రికలో రాశాడు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. పేటెంట్ తీసుకోలేదు, వ్యాపారం చేయలేదు. సర్జరీ వైపు వెళ్ళిపోయి, బ్రిటన్‌లో పేరున్న సర్జన్లలో ఒకడయ్యాడు. ఇలాంటి కథల్లో అసలు కనిపెట్టినవాడు ఏడుస్తూ మిగిలిపోతాడు అనుకుంటాం. సైమ్ అలా మిగల్లేదు. కానీ రెయిన్‌కోట్ చరిత్ర చెప్పేటప్పుడు ఆయన పేరు వదిలేయడం మాత్రం అన్యాయమే.

రబ్బరు కరగడం అంత గొప్ప విషయమా అనిపించొచ్చు. దక్షిణ అమెరికా మూలవాసులు చెట్టు పాలని నేరుగా బట్టలకి, చెప్పులకి పూసి నీళ్ళు దిగకుండా చేసుకోవడం యూరప్ వాళ్ళు చూసి ఆశ్చర్యపోయారు. ఆ పాలు ఓడలో సముద్రం దాటేలోపే గడ్డకట్టేవి. యూరప్ చేరేది గట్టి ముద్ద. దాంతో పెన్సిల్ గీతలు చెరపొచ్చు, బట్టకి పూయలేం. మళ్ళీ ద్రవంగా మార్చాలంటే కరిగించేది ఏదైనా కావాలి, బట్టకి పూశాక అది మొత్తం ఎగిరిపోయి రబ్బరు మాత్రమే మిగలాలి. పైగా చవకగా దొరకాలి. తారు నాఫ్తా సరిగ్గా అలాంటిదే.

అయినా ఒక చిక్కు మిగిలింది. రబ్బరు పూసిన బట్ట జిగురు జిగురుగా ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే కుర్చీకి అంటుకుంటుంది. మాకింటోష్ చేసిన అసలు పని ఇక్కడుంది. ఒక బట్టకి రబ్బరు ద్రావణం పూసి, దాని మీద ఇంకో బట్ట పెట్టి నొక్కాడు. జిగురు లోపల ఉండిపోయింది, బయట రెండు వైపులా మామూలు బట్ట. శాండ్‌విచ్ లాగా. 1823 జూన్ 17న దీనికి పేటెంట్ వచ్చింది, నంబర్ 4804. అదే ఏడాది రాయల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది.

మన పంక్చర్ షాపుల్లో ట్యూబ్‌కి సొల్యూషన్ పూసి, కాసేపు ఆరనిచ్చి, ప్యాచ్ పెట్టి నొక్కుతారు కదా. ఆ సొల్యూషన్ కూడా ఎగిరిపోయే ద్రవంలో కరిగించిన రబ్బరే. మాకింటోష్ బట్ట అంటే ఒక పెద్ద పంక్చర్ ప్యాచ్ అనుకోవచ్చు.

సూది బొక్క

1824లో మాంచెస్టర్‌లో బిర్లీ కుటుంబంతో కలిసి ఫ్యాక్టరీ మొదలైంది. మాంచెస్టర్ అంటే నూలు బట్టల రాజధాని, బట్టకి కొదవ లేదు. ఆర్కిటిక్ మంచు ప్రాంతానికి బయల్దేరిన జాన్ ఫ్రాంక్లిన్ బృందం కూడా ఈ బట్ట తీసుకెళ్ళింది. అంతా బాగుంది అనుకునేలోపు కంప్లైంట్లు మొదలయ్యాయి.

మొదటి కంప్లైంట్ వాసన. నాఫ్తా కంపు ఎంతకీ పోదు. రెండోది వాతావరణం. ఎండకి మెత్తబడి సాగుతుంది, చలికి బిర్రబిగుసుకుపోతుంది. మూడోది ఉన్ని. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు, మనిషి ఒంటి జిడ్డు రబ్బరుని మెల్లగా పాడుచేసేవి. ఇవన్నీ మెటీరియల్ సమస్యలు. కెమిస్ట్రీ తెలిసినవాడికి అర్థమయ్యేవే.

నాలుగోది వేరే రకం. కోటు ఉరుస్తోంది. బట్ట మీద బకెట్ నీళ్ళు పోసినా చుక్క దిగదు, అదే బట్టతో కుట్టిన కోటు వేసుకుని వానలో నడిస్తే భుజాలు తడుస్తాయి.

కారణం టైలర్ సూది. కంపెనీ అమ్మేది బట్ట. కోటు కుట్టేది బయట టైలర్. ఆయన తనకి అలవాటైన పద్ధతిలో, మామూలు కోటు కుట్టినట్టే దగ్గర దగ్గరగా కుట్లు వేస్తాడు. ఒక్కో కుట్టుకి ఒక్కో బొక్క. మామూలు బట్టలో సూది పోగుల మధ్య నుంచి దూరుతుంది, పోగులు మళ్ళీ దగ్గరికి వస్తాయి. లోపల రబ్బరు పొర ఉన్న బట్టలో పడిన బొక్క అలాగే ఉండిపోతుంది. పైగా దాంట్లో ఉన్న నూలు దారం దీపం వత్తిలాగా తడిని పీల్చి లోపలికి తెస్తుంది. వంద గజాల మంచి బట్టని ఒక సూది ఓడించింది.

మరి తప్పు ఎవరిది? బట్ట ఉరవడం లేదు కాబట్టి టైలర్‌ది అని కంపెనీ అనుకోవచ్చు. నేను రోజూ చేసే పనే కదా, ఈ బట్టే తేడాగా ఉందని టైలర్ అనుకోవచ్చు. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. డబ్బులు పెట్టి కోటు కొన్న మనిషి మాత్రం తడుస్తూనే ఉన్నాడు. మనకి ఇది తెలియని గొడవ కాదు. ప్రాజెక్టులో ఫ్రంటెండ్ వాళ్ళు మా కోడ్ కరెక్టే అంటారు, బ్యాకెండ్ వాళ్ళు మా కోడ్ కరెక్టే అంటారు. రెండూ కరెక్టే, కలిపితే యాప్ నడవదు.

ఎలా కుట్టాలో కంపెనీ టైలర్లకి చెప్పి చూసింది. పని కాలేదు. చివరికి కోట్లు కుట్టే పనిని కూడా కంపెనీయే చేతిలోకి తీసుకుంది. కుట్టిన చోట మళ్ళీ రబ్బరు ద్రావణం పూసి బొక్కలు మూసి అమ్మడం మొదలుపెట్టింది. నా ఉద్దేశంలో ఈ నిర్ణయం 1823 పేటెంట్‌తో సమానమైంది. అప్పటిదాకా వాళ్ళు నీళ్ళు దిగని బట్ట అమ్మారు. ఆ తర్వాతే నీళ్ళు దిగని కోటు అమ్మారు.

బండ్లు చేసే హాంకాక్

ఈ కష్టాల్లో మాకింటోష్‌కి తోడుగా వచ్చినవాడు థామస్ హాంకాక్. లండన్‌లో గుర్రపు బండ్లు తయారుచేసే పనిలో ఉండేవాడు. ఆయన తమ్ముడు వాల్టర్ హాంకాక్ 1830ల్లో లండన్ రోడ్ల మీద ఆవిరి బస్సులు నడిపాడు. అంటే మన టాప్ కథకి కావాల్సిన బండి వాసన ఇక్కడే తగిలింది. బండి మీద ప్రయాణించేవాళ్ళు తడవకుండా ఉండాలన్న ఆలోచనే హాంకాక్‌ని రబ్బరు వైపు తెచ్చింది.

హాంకాక్ 1820లో ఒక యంత్రం చేశాడు. పళ్ళున్న రోలర్ రబ్బరు ముక్కల్ని నమిలి, వేడెక్కించి, ఒకే ముద్దగా చేస్తుంది. అలా నమిలిన రబ్బరు త్వరగా కరుగుతుంది, తక్కువ నాఫ్తా సరిపోతుంది. నాఫ్తా తగ్గితే వాసనా తగ్గుతుంది. యంత్రం లోపల ఏముందో ఎవరికీ తెలియకూడదని దానికి పికిల్ అని పేరు పెట్టాడట. పచ్చడి అంటే ఎవరికి అనుమానం వస్తుంది! 1825లో మాకింటోష్ పేటెంట్ వాడుకోవడానికి లైసెన్స్ తీసుకున్నాడు. తర్వాత ఆ కంపెనీలోనే భాగస్వామి అయ్యాడు. పోటీగా నిలబడాల్సిన ఇద్దరు ఒకటయ్యారు.

అయినా దారి నున్నగా లేదు. 1830ల్లో రైళ్ళు వచ్చాయి. అంతకుముందు గుర్రపు బండి పైన కూర్చుని వానకి తడుస్తూ పోయేవాళ్ళు ఇప్పుడు రైలు పెట్టెల్లో కూర్చున్నారు. కోట్ల గిరాకీ తగ్గింది. ఇంకోవైపు పేటెంట్‌ని పట్టించుకోకుండా అదే రకం బట్ట చేసి అమ్మేవాళ్ళు తయారయ్యారు. 1836లో కేసు కోర్టుకెక్కింది, మాకింటోష్ పేటెంట్ నిలబడింది.

ఈ గొడవలన్నిటి మధ్యలో ఆయన ఇనుము వైపు కూడా పనిచేశాడు. ఇనుముని స్టీల్‌గా మార్చే ఒక పద్ధతికి 1825లో పేటెంట్ తీసుకున్నాడు. 1828లో జేమ్స్ నీల్సన్ కొలిమిలోకి చల్లగాలికి బదులు వేడిగాలి పంపితే బొగ్గు బాగా ఆదా అవుతుందని కనిపెట్టినప్పుడు, ఆ పేటెంట్‌లో మాకింటోష్ వాటా తీసుకున్నాడు. ఇనుము పరిశ్రమని మార్చేసిన పద్ధతి అది. దాని మీద కూడా కోర్టు కేసులు 1843 దాకా నడిచాయి.

చూడలేకపోయిన జవాబు

ఎండకి సాగడం, చలికి బిగుసుకోవడం మాత్రం మాకింటోష్ జీవితకాలంలో తేలలేదు. రబ్బరు అణువులు నూడుల్స్ లాంటి పొడుగాటి గొలుసులు. వేడికి ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. వాటిని అక్కడక్కడా కట్టేస్తే జారవు. ఆ కట్టు వేసేది గంధకం. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపిన రబ్బరుని బాగా వేడిచేస్తే అది మారిపోతుందని గమనించాడు. గుడ్‌ఇయర్ రబ్బరు ముక్కలు కొన్ని ఇంగ్లండ్ చేరి హాంకాక్ చేతిలో పడ్డాయి. హాంకాక్ తన ప్రయోగాలు తాను చేసి, ఇంగ్లండ్‌లో పేటెంట్‌కి ముందుగా దరఖాస్తు చేశాడు. గుడ్‌ఇయర్ కంటే ముందు పేటెంట్ పట్టేశాడు. దీనికి వల్కనైజేషన్ అనే పేరు హాంకాక్ స్నేహితుడు విలియం బ్రాకెడన్ పెట్టాడు.

హాంకాక్ పేటెంట్ దరఖాస్తు తేదీ 1843 నవంబర్. మాకింటోష్ చనిపోయింది 1843 జులై 25న, గ్లాస్గోలో, 76 ఏళ్ళ వయసులో. నాలుగు నెలల తేడా. ఇరవై ఏళ్ళు కంప్లైంట్లు విన్న మనిషి, పూర్తి జవాబు చూడకుండానే పోయాడు.

ఈ తేదీలు పక్కపక్కన చూసినప్పుడు నాకు కాసేపు బాధనిపించింది. తర్వాత ఇంకోలా అనిపించింది. గంధకం వచ్చి రబ్బరుని బాగుచేసింది, కానీ సూది బొక్కని బాగుచేయలేదు. ఆ పని ఎప్పటికీ కుట్టేవాళ్ళ చేతిలోనే ఉంది. ఆ జవాబు మాత్రం ఆయన బతికుండగానే ఆయన కంపెనీలో దొరికింది.

కోటు నుంచి కారు టాప్ దాకా

మొదటి కార్లకి గట్టి కప్పు లేదు, గుర్రపు బండి లాగే మడిచే టాప్ ఉండేది. దానికి వాడిన మంచి బట్టల్లో ఒకటి రెండు పొరల మధ్య రబ్బరు పెట్టిన బట్టే, అంటే మాకింటోష్ శాండ్‌విచ్చే. ఇప్పటి మంచి కన్వర్టిబుల్ టాప్ కూడా మూడు పొరలే. పైన ఎండకి వెలవని యాక్రిలిక్ నేత, మధ్యలో రబ్బరు, లోపల ఇంకో బట్ట. రెండు వందల ఏళ్ళలో దారాలు మారాయి, డిజైన్ మారలేదు. ఉరిసే చోట్లు కూడా మారలేదు.

కన్వర్టిబుల్ టాప్ ఉరిస్తే బట్ట మొత్తానికి ఏదో కెమికల్ పూసేయడం చాలామంది చేసే మొదటి పని. ముందు చూడాల్సింది మూడు చోట్లు. ఒకటి, కుట్టు లైన్లు. రెండు, ముందు అద్దం ఫ్రేమ్ మీద, కిటికీ అద్దాల అంచుల్లో టాప్ ఆనుకునే రబ్బరు బీడింగ్. ఏళ్ళు గడిచేకొద్దీ అది గట్టిపడి, అణిగిపోయి, సందు వదిలేస్తుంది. మూడు, టాప్ అంచుల నుంచి నీళ్ళు కిందికి పోవడానికి ఇచ్చిన కాలువలు. ఆకులు, దుమ్ము అడ్డం పడితే నీళ్ళు వెనక్కి తన్ని సీటు కిందికి చేరతాయి. అందుకే తడి కనిపించిన చోటే నీళ్ళు దిగాయి అనుకోకూడదు. ఒక చోట దిగి, ఫ్రేమ్ వెంబడి పాకి, ఇంకో చోట చుక్క పడుతుంది.

వెతికే పద్ధతి అచ్చం డీబగ్గింగే. ఒకరు టార్చ్‌తో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట సన్నటి ధారతో పైపు పట్టాలి. కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగాలి. అన్నిటి మీదా ఒకేసారి పోస్తే ఎక్కడ దిగిందో తెలియదు. బీడింగ్ అనుమానంగా ఉంటే తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగాలి. గట్టిగా పట్టుకుంటే సరే, సులువుగా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు.

కుట్టు దగ్గర దిగుతుంటే శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, బయటి వైపు నుంచి కుట్టు మీద సీలర్ పూయాలి. మాకింటోష్ కంపెనీ కోట్ల మీద చేసింది ఇదే. దారం చివికిపోతే పాత బొక్కల్లోంచే మళ్ళీ కుట్టాలి, పక్కన కొత్త లైన్ వేస్తే కొత్త బొక్కలు పడతాయి. మన దగ్గర ఆటో టాపులు కుట్టేవాళ్ళలో పని తెలిసినవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకుంటారు. పై ముక్క అంచు కింది ముక్క మీదికి వచ్చేలా పెట్టి కుడతారు. గూనపెంకుల ఇల్లు కప్పినట్టే, నీళ్ళు అతుకులోకి పోకుండా అతుకు మీద నుంచి జారిపోతాయి. దానికి ఏ సీలరూ అక్కర్లేదు, కుట్టే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

కారు టాప్ ఉరిస్తే సీటు తడుస్తది, అంతే. మా మానుకోట మార్కెట్‌లో మిర్చి కుప్ప మీద కప్పిన పట్టా ఉరిస్తే లెక్క వేరే. తడిసిన మిర్చికి రంగు పోతుంది, బూజు పడుతుంది, రేటు పడిపోతుంది. అక్కడ కూడా నీళ్ళు దిగేది రెండు పట్టాలు కలిసిన చోట, తాడు కట్టడానికి పెట్టిన రంధ్రాల దగ్గర, పాత కుట్ల దగ్గర. ఒక ఏడాది కష్టం అంతా పట్టా మందం మీద కాదు, ఆ అతుకు మీద ఆధారపడి ఉంటుంది. కోటు తడిసిందని గ్లాస్గోలో ఎవరో తిట్టుకున్నదానికీ, ఈ రైతు నష్టానికీ పోలికే లేదు, కారణం మాత్రం ఒకటే.

మాకింటోష్ కొత్త పదార్థం ఏదీ కనిపెట్టలేదు. రబ్బరు దక్షిణ అమెరికాది, నాఫ్తా గ్యాస్ కంపెనీ చెత్తది, కరుగుతుందన్న సంగతి ఒక స్టూడెంట్‌ది, నూలు మాంచెస్టర్‌ది. వాటిని కలపడం ఆయనది. ఆయన చనిపోయాక కొడుకు జార్జ్ ఆయన జీవిత చరిత్ర రాసి 1847లో అచ్చువేశాడు. కంపెనీ ఆయన పేరుతోనే నడిచి, 1920ల్లో డన్‌లప్‌లో కలిసిపోయింది. కోటు పేరు జనం నోట్లో పడి, ఆయన ఇంటిపేరులో లేని ఒక కే అక్షరం దాంట్లో చేరింది, డిక్షనరీల్లో ఇప్పటికీ అలాగే ఉంది. నిజానికి ఆ బట్టలో ఎక్కువ శ్రమ తీసుకున్నది బట్ట కాదు. అది పూర్తయ్యాక, సూది దిగిన ప్రతి చోటునీ వెతికి మూసిన పని. ఆ పని చేసిన మాంచెస్టర్ కార్మికుల పేర్లు ఏ డిక్షనరీలోనూ లేవు.